మంచు రేకుని పట్టుకోవడం, చదవడం, దాచుకోవడం, ఇంట్లోనే పెంచడం: పూర్తి గైడ్

మంచు కురుస్తుంటే ఫోన్లన్నీ చెట్ల వైపు, కొండల వైపు తిరుగుతాయి. అసలు చూడాల్సింది మాత్రం మన కోటు చేతి మీద వాలి, ఎవరూ పట్టించుకోకుండా కరిగిపోతుంది. ఒక్క స్ఫటికాన్ని కరగకుండా పట్టుకుని భూతద్దం కింద పెడితే కనిపించేది అందం ఒక్కటే అనుకోకండి. ఆ రేకు మేఘంలో ఎంత చలిలో పుట్టింది, ఎంత తేమ ఉన్న చోట పెరిగింది, దారిలో వాతావరణం ఎప్పుడు మారింది అన్నదంతా దాని ఆకారంలోనే ఉంటుంది. చదవడం వస్తే చాలు. ఈ గైడ్‌లో పట్టుకోవడం, చూడడం, ఫొటో తీయడం, దాచుకోవడం అన్నీ ఉన్నాయి కానీ నేను ఎక్కువ సేపు ఆగేది ఆ చదవడం దగ్గరే, ఎందుకంటే ఒక్కసారి అది పట్టుబడితే ఆ తర్వాత మంచుని మామూలుగా చూడలేరు.

మంచు కురవని చోట ఉన్నవాళ్లు నిరాశపడక్కర్లేదు. చివర్లో ఒక ప్లాస్టిక్ బాటిల్లో నిజమైన మంచు స్ఫటికాలు పెంచే పద్ధతి చెప్పాను. కానీ నేరుగా అక్కడికి దూకకండి, మధ్యలో ఉన్నది తెలియకపోతే బాటిల్లో ఏం జరుగుతోందో అర్థం కాదు.

ముందు, ఇది ఎలా పుడుతుందో

చాలామంది స్నోఫ్లేక్ అంటే గడ్డకట్టిన వాన చినుకు అనుకుంటారు. కాదు. చినుకు గడ్డకడితే గుండ్రటి మంచు పలుకు అవుతుంది, దానికి కొమ్మలూ రెమ్మలూ ఉండవు. మంచు రేకు నీటి ఆవిరి నుంచి పెరుగుతుంది, మధ్యలో ద్రవ దశ లేకుండా ఆవిరి నేరుగా మంచుగా అతుక్కుంటూ.

మేఘంలోని సన్నటి నీటి బిందువులు సున్నా డిగ్రీలు దాటగానే గడ్డకట్టవు. నీరు శుద్ధంగా ఉంటే దాదాపు మైనస్ 38 డిగ్రీల సెల్సియస్ దాకా కూడా ద్రవంగానే ఉండిపోగలదు. అంతకుముందే గడ్డకట్టాలంటే ఏదో ఒక ఆధారం కావాలి, సాధారణంగా అది ఒక దుమ్ము కణం. అలా ఒక బిందువు గడ్డకట్టిందంటే చుట్టుపక్కల లెక్కంతా మారిపోతుంది. అంత చలిలో ఉన్న నీటి మీద కన్నా మంచు మీద ఆవిరి ఒత్తిడి తక్కువ, అందుకని చుట్టూ ఉన్న బిందువులు ఆవిరైపోతుంటాయి, ఆ ఆవిరి వచ్చి మంచు మీద చేరుతుంది. ఓ మోస్తరు పెద్ద రేకు తయారవ్వాలంటే సుమారు లక్ష బిందువుల నీరు ఇలా దానికి చేరాలి.

మంచు రేకుకి ఎప్పుడూ ఉండే ఆ ఆరు మూలలు ఎక్కడి నుంచి వచ్చాయి? మంచులో నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకునే తీరు ఆరుమూలల వలయాలుగా ఉంటుంది, ఆ అమరికే పైకి షడ్భుజంగా కనిపిస్తుంది. ఎప్పుడూ ఐదో ఏడో కాకుండా ఆరే ఎందుకు అని 1611లోనే జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త జొహనెస్ కెప్లర్ సీరియస్‌గా ఆలోచించాడు. చిన్న చిన్న గోళాలని దగ్గరగా పేరిస్తే వచ్చే అమరికల దాకా వెళ్లాడు గానీ, ఎక్స్-కిరణాలతో స్ఫటికాల లోపలి అమరికని చూడగలిగిన 20వ శతాబ్దం దాకా పూర్తి జవాబు దొరకలేదు. అందుకే ఎనిమిది కొమ్మలతో గీసిన స్నోఫ్లేక్ బొమ్మ ఎక్కడైనా కనిపిస్తే అది ప్రకృతిలో లేనిదని ఖాయంగా చెప్పొచ్చు.

ఇక కొమ్మలు. చిన్న షడ్భుజి పలకకి ఆరు మూలలుంటాయి, అవి పలక అంచుల కన్నా కొంచెం ఎక్కువగా తేమగాలిలోకి చొచ్చుకుని ఉంటాయి, కాబట్టి ఆవిరి ముందు వాటికే అందుతుంది, అందిన కొద్దీ అవి ఇంకా ముందుకి పొడుచుకొస్తాయి, అప్పుడు ఇంకా ఎక్కువ అందుతుంది. తేమ ఎక్కువగా ఉంటే ఈ పోటీ అదుపు తప్పి మూలలు కొమ్మలవుతాయి, ఆ కొమ్మల మీద మళ్లీ రెమ్మలొస్తాయి. తేమ తక్కువైతే పెరుగుదల నెమ్మదిస్తుంది, అంచులు మూలలని అందుకునేంత టైమ్ దొరుకుతుంది, నునుపైన పలక మిగులుతుంది. ఈ ఒక్క పేరా గుర్తుంచుకోండి, కింద చదవడం మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది.

అడుగు 1: రోజుని ఎంచుకోండి

సున్నా డిగ్రీల దగ్గర పెద్ద పెద్ద మెత్తటి తునకలు పడే రోజు చూడ్డానికి బాగుంటుంది కానీ మన పనికి పనికిరాదు. అవి ఒక్కో స్ఫటికం కాదు, పదులు, వందల స్ఫటికాలు ఒకదానికొకటి చిక్కుకుని ముద్దగా దిగుతున్నవి. ఈదురుగాలి ఉన్న రోజూ వద్దు, స్ఫటికాలు కొట్టుకుని కొమ్మలు విరిగిపోతాయి.

మీకు కావాల్సింది గాలి లేని, పల్చగా, తీరిగ్గా కురిసే మంచు. నేల దగ్గర మైనస్ 5 కన్నా చల్లగా ఉంటే పట్టుకున్నది కరగకుండా చూసుకునే తీరిక దొరుకుతుంది. మైనస్ 15 దగ్గర ఉంటే ఇంకా మంచిది, ఎందుకో అడుగు 4లో చెప్తాను. ఒక్క విషయం, ఆకారాన్ని నిర్ణయించేది మేఘంలో ఉన్న ఉష్ణోగ్రత, మీ చేతిలో థర్మామీటర్ చూపించేది కాదు, కాబట్టి నేల మీద అంకె చూసి ఇవాళ ఏం పడుతుందో ముందే తీర్మానించేయకండి. ఒకే మంచు కురుస్తున్నప్పుడు కూడా పావుగంటలో ఆకారాలు పూర్తిగా మారిపోతుంటాయి. బాలేవని విసిగిపోయి లోపలికి వెళ్లిపోవద్దు.

అడుగు 2: సామాను, దాన్ని చల్లబరచడం

పెద్ద ఖర్చేమీ లేదు. పది రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దం, ముదురు రంగు ఉన్ని గుడ్డ లేదా నల్లటి అట్ట, సన్నటి పెయింట్ బ్రష్, పల్చటి గ్లవ్స్, రెండు మూడు గాజు స్లైడ్లు. కెమెరా తర్వాత చూద్దాం. మొదటి రోజే కెమెరాతో బయల్దేరితే ఫోకస్ గొడవలోనే సాయంత్రం గడిచిపోతుంది, స్ఫటికాన్ని చూసినట్టే ఉండదు. ముందు కళ్లతో చూడండి.

వీటన్నిటినీ కనీసం అరగంట ముందు బయట, మంచు పడని చోట పెట్టి చల్లబరచాలి. ఈ పని నిర్లక్ష్యం చేయొద్దు. ఇంట్లోంచి అప్పుడే తెచ్చిన అట్ట మీద పడిన రేకు మీరు వంగేలోపు నీటి చుక్క అయిపోతుంది.

అడుగు 3: పట్టుకోండి, చూడండి

అట్టని ఓ రెండు మూడు సెకన్లు బయటికి చాపి వెనక్కి తీసుకోండి. ఎక్కువసేపు పెడితే ఒకదాని మీద ఒకటి పడి ఏదీ విడిగా కనిపించదు. ఇప్పుడు కంటితోనే వెతకండి. వెలుతురు వైపు అట్టని కొంచెం అటూ ఇటూ వంచుతుంటే కొన్ని స్ఫటికాలు తళుక్కుమంటాయి, చదునైన ముఖాలున్న మంచి పలకలు అవే. బ్రష్ కొసతో సున్నితంగా తాకితే రేకు దానికి అంటుకుని వస్తుంది, దాన్ని గాజు స్లైడ్ మీదకి దించండి.

భూతద్దాన్ని కంటికి ఆనించి, స్లైడ్‌ని దగ్గరికి తెచ్చుకోండి. ఊపిరి బిగబట్టండి, లేదా ముఖం పక్కకి తిప్పి వదలండి. మన ఊపిరిలో వేడీ తేమా రెండూ ఉంటాయి, ఒక్క శ్వాసకి కొమ్మల చివర్లు మొద్దుబారిపోతాయి. అసలు కరగకపోయినా స్ఫటికం నిలకడగా ఉండదు, పొడిగాలిలో దాని పదునైన మూలలు ఆవిరై నెమ్మదిగా గుండ్రబడుతుంటాయి. ఒక్కోదానికి మీకున్న టైమ్ కొద్ది నిమిషాలే.

అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని జెరికోలో వ్యవసాయం చేసుకునే విల్సన్ బెంట్లీ కూడా దాదాపు ఇలాగే పనిచేశాడు, నల్లటి పలక మీద పట్టుకుని, సన్నటి పుల్లతో ఎత్తి, పక్షి ఈకతో మెల్లగా అద్ది. మైక్రోస్కోప్‌కి కెమెరా బిగించి 1885 జనవరి 15న మొదటి ఫొటో తీశాడు. 1931లో చనిపోయేదాకా 5,000కి పైగా తీశాడు.

అడుగు 4: చదవండి

జపాన్‌లో హొక్కైడో విశ్వవిద్యాలయంలో ఉకిచిరో నకాయా అనే భౌతిక శాస్త్రవేత్త 1936లో, చల్లటి గదిలో కుందేలు వెంట్రుక కొసన మొదటిసారి మంచు స్ఫటికాన్ని పెంచాడు. ఆ తర్వాత ఉష్ణోగ్రత, తేమ మారుస్తూ ఏ పరిస్థితిలో ఏ ఆకారం వస్తుందో ఓపిగ్గా పట్టికకెక్కించాడు. ఆ పట్టిక సారాంశం ఇదీ.

సున్నా నుంచి మైనస్ 4 దాకా పల్చటి చిన్న పలకలు. మైనస్ 5 దగ్గర ఒక్కసారిగా మొత్తం తిరగబడి, అడ్డంగా పరుచుకోవాల్సిన స్ఫటికం నిలువుగా సాగుతుంది: సూదులు, ఆరు పలకల పెన్సిల్ లాంటి స్తంభాలు. మైనస్ 10 దాటాక మళ్లీ పలకలు. మైనస్ 15 దగ్గర అందరికీ తెలిసిన ఆ పెద్ద నక్షత్రాలు, ఫెర్న్ ఆకుల్లా విచ్చుకున్న కొమ్మలతో. మైనస్ 22 దిగువన చిన్న పలకలూ స్తంభాలూ కలగలిసి, ఇంకా బాగా చల్లబడితే ఎక్కువగా స్తంభాలే. పలక, స్తంభం, పలక, స్తంభం అని ఇలా ఎందుకు తిప్పుకుంటుందో పూర్తిగా వివరించే పని ఇప్పటికీ నడుస్తోంది. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో కెన్నెత్ లిబ్రెక్ట్ అనే భౌతిక శాస్త్రవేత్త ఏళ్ల తరబడి చేసిన పరిశోధన దీని మీదే.

ఉష్ణోగ్రత స్ఫటికం అడ్డంగా పెరగాలా నిలువుగా పెరగాలా అన్నది తేలుస్తుంది. తేమ ఎంత క్లిష్టంగా పెరగాలో తేలుస్తుంది. ఈ రెండు ముక్కలు చేతిలో ఉంటే చదవడం మొదలుపెట్టొచ్చు.

ఎప్పుడూ మధ్య నుంచి బయటికి చదవండి, ఎందుకంటే మధ్యలో ఉన్నది ముందు పుట్టింది, అంచున ఉన్నది చివర్లో వచ్చింది. స్లైడ్ మీద సుమారు 3 మిల్లీమీటర్ల నక్షత్రం ఒకటి ఉందనుకోండి. సరిగ్గా నడుమ చుక్కంత షడ్భుజి, దాని అంచులు శుభ్రంగా, తిన్నగా ఉన్నాయి. అంటే మొదట్లో నెమ్మదిగా, తక్కువ తేమలో పెరిగింది. ఆ షడ్భుజి ఆరు మూలల నుంచీ ఆరు కొమ్మలు, ప్రతి కొమ్మ పొడవునా మధ్యలో సన్నటి గట్టు ఒకటి. అంటే మైనస్ 15 ప్రాంతంలో తేమ బాగా ఉన్న చోటికి వచ్చి పడింది. కొమ్మల్లో సగం దూరం వెళ్లాక రెండు వైపులా రెమ్మలు, 60 డిగ్రీల కోణంలో, ఆరు కొమ్మల మీదా దాదాపు ఒకే దూరంలో. ఆ క్షణంలో తేమ మళ్లీ పెరిగిందన్నమాట. కొసలకి వచ్చేసరికి కొమ్మ సన్నగా ముగిసిపోకుండా చిన్న వెడల్పాటి పలకగా పరుచుకుంది. అక్కడికి తేమ తగ్గి, పెరుగుదల మళ్లీ నెమ్మదించింది. నాలుగు గుర్తులు, నాలుగు దశలు. ఇలాంటి రేకు సెకనుకి అర మీటర్ వేగంతో దిగినా ఒక కిలోమీటర్ రావడానికి అరగంట దాటుతుంది, ఆ అరగంట మీ కళ్ల ముందు ఉంది.

ఆరు కొమ్మలూ ఒకేలా ఉండాలని ఒకదానికొకటి ఎలా తెలుసు? తెలియదు. వాటి మధ్య కబురు ఏమీ నడవదు. అంత చిన్న స్ఫటికంలో ఆరు కొమ్మలకీ ఒకే క్షణంలో ఒకే ఉష్ణోగ్రత, ఒకే తేమ తగులుతాయి కాబట్టి విడివిడిగా పెరిగినా ఒకేలా పెరుగుతాయి. ఇంకా నిజం చెప్పాలంటే అన్నీ అంత పొందికగా ఏమీ ఉండవు. అట్ట మీద పడినవాటిలో ఎక్కువ భాగం వంకర, విరిగినవి, ఒక పక్క ఎక్కువ పెరిగినవే, ఫొటోల్లో కనిపించేవి ఏరి తెచ్చినవి. వంకరవాటిని పారేయకండి, వాటికీ ఏదో ఒక కారణం ఉంటుంది.

చదవడానికి బాగా పనికొచ్చే మరికొన్ని:

టోపీ స్తంభం. సన్నటి స్తంభానికి రెండు చివరలా రెండు పలకలు తగిలించినట్టు ఉంటుంది. మొదట స్తంభాలు పెరిగే చలిలో ఉండి, తర్వాత పలకలు పెరిగే చోటికి మారింది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. చాలా చిన్నగా ఉంటుంది కాబట్టి చెత్త అనుకుని దాటేస్తారు, భూతద్దంలో పక్క నుంచి చూడండి.

పన్నెండు కొమ్మల నక్షత్రం. ఆరు నియమం తప్పలేదు, రెండు స్ఫటికాలు మొదట్లోనే ఒకదానికొకటి 30 డిగ్రీలు తిరిగి అతుక్కుని కలిసి పెరిగాయి.

మూడుమూలల పలక. ఎక్కువగా మైనస్ 2 ప్రాంతంలో కనిపిస్తుంది. నిజానికి అదీ షడ్భుజే, ఒకటి విడిచి ఒకటి మూడు భుజాలు పొడవు, మిగతా మూడు పొట్టి.

మీద తెల్లటి గరుకు పొడి అంటుకున్నట్టుంటే, గడ్డకట్టని బిందువులున్న మేఘంలోంచి దిగుతూ వాటిని గుద్దుకుంది. అవి తగిలిన చోటే గడ్డకట్టాయి. ఇది ముదిరితే లోపలి స్ఫటికం పూర్తిగా కప్పబడిపోయి మెత్తటి తెల్ల గుళికగా మారుతుంది.

ఇక ఏ రెండూ ఒకేలా ఉండవు అన్న మాట. చిన్న, సాదా స్ఫటికాల విషయంలో ఇది అంత కచ్చితం కాదు, మైక్రోస్కోప్ కింద తేడా పట్టలేనంత దగ్గరగా ఉండేవి ఉంటాయి. 1988లో అమెరికా వాతావరణ పరిశోధకురాలు నాన్సీ నైట్ అలాంటి జంటని రికార్డ్ చేశారు. లిబ్రెక్ట్ అయితే ల్యాబ్‌లో పక్కపక్కనే ఒకే పరిస్థితిలో కవలల్లాంటివాటిని పెంచి చూపించాడు. కానీ కొమ్మలు తిరిగిన పెద్ద నక్షత్రం దగ్గరికొస్తే ఎన్ని దశలో, ఒక్కో దశలో ఎన్ని రకాల మార్పులో, ఆ కలయికలు లెక్కకి అందవు. అణువుల స్థాయికి దిగితే ప్రశ్నే లేదు: ఒక స్ఫటికంలో 1 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని అణువులైనా ఉంటాయి, నీటిలో దాదాపు ప్రతి 500 అణువుల్లో ఒకదాంట్లో మామూలు ఆక్సిజన్ బదులు దాని బరువైన రకం, ఆక్సిజన్-18, ఉంటుంది, అవన్నీ రెండు స్ఫటికాల్లో ఒకే చోట్లలో కూర్చోవడం జరగని పని.

అడుగు 5: ఫొటో

ఫోన్‌కి క్లిప్‌లా పెట్టుకునే మాక్రో లెన్స్‌తో (చిన్నవాటిని బాగా దగ్గర నుంచి తీసే లెన్స్) మొదలుపెట్టండి, గుర్తుపట్టగలిగే ఫొటోలు వస్తాయి. పెద్ద కెమెరా ఉంటే మామూలు మాక్రో లెన్స్ సరిపోదు, 3 మిల్లీమీటర్ల స్ఫటికం 36 మిల్లీమీటర్ల సెన్సర్ మీద పన్నెండో వంతే ఆక్రమిస్తుంది. మూడు నుంచి ఐదు రెట్లు పెంచాలి, దానికి ఎక్స్‌టెన్షన్ ట్యూబులో (కెమెరాకీ లెన్స్‌కీ మధ్య బిగించే ఖాళీ గొట్టాలు), లెన్స్‌ని తిప్పి బిగించే రింగో వాడొచ్చు. అంత దగ్గరలో ఫోకస్ లోతు కాగితం మందమంత కూడా ఉండదు, కాబట్టి కెమెరాని మెల్లగా ముందుకి జరుపుతూ వరసగా చాలా ఫొటోలు తీసి, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో కలపండి. దీన్నే ఫోకస్ స్టాకింగ్ అంటారు.

లైటు నేరుగా పైనుంచి పడితే గట్లూ గీతలూ అన్నీ చదునుగా కనిపిస్తాయి. పక్కనుంచి వాలుగా పడనివ్వండి, లేదా గాజు స్లైడ్ కింది నుంచి కొంచెం ఓరగా పంపండి. కెమెరాతో లోపలికి వెళ్లేముందు దాన్ని జిప్ కవర్‌లో గట్టిగా మూసేయండి, లేకపోతే లెన్స్ లోపలా బయటా చెమ్మ పడుతుంది. అది గది వేడికి వచ్చాకే కవర్ తెరవండి.

అడుగు 6: దాచుకోవడం

మంచు పోయినా దాని అచ్చు మిగులుతుంది. పల్చటి సూపర్ గ్లూ, గాజు స్లైడ్, దాని మీద కప్పే పల్చటి గాజు బిళ్ల (కవర్‌స్లిప్) అన్నీ మైనస్ 7 కన్నా బాగా చల్లగా ఉండాలి. స్ఫటికాన్ని బ్రష్‌తో స్లైడ్ మీద పెట్టి, ఒక్క చుక్క గ్లూ వేసి, కవర్‌స్లిప్‌ని దాని మీద వాలనివ్వండి. వేలితో నొక్కొద్దు, గ్లవ్ ఉన్నా సరే, ఆ వేడి చాలు కరగడానికి. తర్వాత స్లైడ్‌ని ఒక డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో ఒకటి రెండు వారాలు కదపకుండా వదిలేయండి. గ్లూ పూర్తిగా గట్టిపడ్డాక బయటికి తీస్తే మంచు ఆవిరైపోయి దాని ఆకారం గ్లూలో ఖాళీగా ఉండిపోతుంది. తొందరపడి ముందే తీస్తే మాత్రం నీటి మరకే మిగులుతుంది.

అడుగు 7: బాటిల్లో పెంచడం

దీనికి డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, కావాలి, అది మైనస్ 78.5 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి ముందు జాగ్రత్తలు: మందపాటి గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, కిటికీలు తెరిచిన గదిలోనే చేయండి, గాలి చొరబడని డబ్బాలో ఎప్పుడూ మూయొద్దు (ఒత్తిడికి పేలిపోతుంది), పిల్లలు చేస్తుంటే పెద్దవాళ్లు పక్కనే ఉండాలి.

అర లీటర్ ప్లాస్టిక్ బాటిల్ అడుగు భాగాన్ని ఓ రెండు సెంటీమీటర్ల ఎత్తులో కోయండి. ఆ కోసిన అడుగులో స్పాంజి ముక్క బిగించి, దాంట్లోంచి సన్నటి నైలాన్ దారం, చేపల గాలానికి వాడేది, సూదితో దూర్చి వేలాడదీయండి. దారం కొసకి పేపర్ క్లిప్ కట్టండి, తిన్నగా ఉంటుంది. మూత బిగించిన బాటిల్‌ని తలకిందులుగా థర్మోకోల్ డబ్బాలో నిలబెట్టి, చుట్టూ పొడిచేసిన డ్రై ఐస్‌ని బాటిల్ సగం ఎత్తు దాకా నింపండి. ఇప్పుడు స్పాంజిని నీటితో తడిపి, ఆ అడుగు ముక్కని మళ్లీ పైన మూతలా పెట్టండి, దారం నేరుగా కిందికి మధ్యలోంచి వేలాడాలి.

పైన తడి, వెచ్చదనం. కింద విపరీతమైన చలి. చల్లటి గాలి బరువు కాబట్టి కిందే ఉండిపోతుంది, సుడులు తిరగదు, ఆవిరి మెల్లగా కిందికి చేరుతుంది. ఐదు పది నిమిషాల్లో దారం మీద తెల్లటి నూగు కనిపిస్తుంది, డ్రై ఐస్ పై అంచుకి సరిగ్గా ఎదురుగా ఉన్న చోట చూడండి. అరగంటకి అక్కడ నక్షత్రాల కొమ్మల్లాంటివి పెరిగి ఉంటాయి. వాటికి కొంచెం పైన, అంత చలి లేని చోట సన్నటి సూదులు కనిపిస్తే మీ బాటిల్లో నకాయా పట్టికలోని ఒక ముక్క నిలువుగా నిలబడి ఉన్నట్టే. టార్చ్ పక్కనుంచి వేసి, బాటిల్‌ని కదిలించకుండా చూడండి, కదిలిస్తే లోపలి గాలి పొరలు కలిసిపోతాయి.

ఇంకో ప్రయోగం కావాలంటే రెండు బాటిల్స్ పక్కపక్కన పెట్టండి, ఒకదాంట్లో బాగా తడిసిన స్పాంజి, రెండోదాంట్లో గట్టిగా పిండేసినది. అరగంట తర్వాత ఒకే ఎత్తులో రెండిట్లో ఏం పెరిగిందో పోల్చి గీసుకోండి. అయిపోయాక మిగిలిన డ్రై ఐస్‌ని సింకులో పడేయొద్దు, పైపులు పగులుతాయి. ఎవరూ తాకని చోట ఆరుబయట వదిలేస్తే దానంతటదే ఆవిరైపోతుంది.